నాలుగో యాంటెన్నా

ఇంత గులాబీ రంగు చిగుళ్లు భూమ్మీద ఏ మనిషికి ఉంటాయి అసలు, డబ్బా మీద సహజ వర్ణం అని రాస్తాడు, సహజమట, నా మొహం, చచ్చిన చేప పొట్టలా ఉంది, దీన్ని ఎవరో పెద్దాయన రేపు నోట్లో పెట్టుకుని నవ్వాలి, పందొమ్మిదేళ్లుగా కట్టుడు పళ్లు చేస్తున్నాను, ఈ రంగు ఇవాళ్టిలా ఎప్పుడూ చిరాకు పెట్టలేదు, తప్పు రంగుది కాదని తెలుసు, బల్ల మీద బోర్లా పెట్టిన ఫోను మళ్లీ వణికింది, చూడను, చూస్తే మళ్లీ ఆ చప్పట్ల బొమ్మలు, ఆ దండాల బొమ్మలు, శభాష్ మన బృందం అంటూ యాంటెన్నా బాబాయ్ పెట్టే కేకలు, డాబా మీద ఆరు యాంటెన్నాలు పాతుకున్నాడని ఆ పేరు వాడికి, ఇళ్ల మీద యాంటెన్నాలు పెట్టి విమానాల సంకేతాలు పట్టడం మా బృందానికి సరదా, ఇద్దరు మనుషులు అడవిలో పడిపోతే శభాష్ ఏమిటయ్యా, సిగ్గులేదూ, అని అడగాలనిపించింది, అడిగే మొహమా నాది, పదింబావుకి మొట్టమొదట చప్పట్లు కొట్టింది నేనే, ఆ తర్వాత పది నిమిషాలకి గానీ నా యాంటెన్నా సంగతి గుర్తు రాలేదు.

పసుపు రంగు విమానం, రెండే సీట్లు, నడిపే ఆయన ఒకరు, అడవిలో ఎన్ని చెట్లు ఎండిపోయాయో పైనుంచి ఫోటోలు తీసే అమ్మాయి ఒకతె, వారానికి రెండుసార్లు మా ఇళ్ల మీదుగానే పోతుంది కాబట్టి మాకది చుట్టం లెక్క, ఇవాళ తొమ్మిదీ నలభైకి కొండల వెనక దాని సంకేతం ఆగిపోయింది, పెద్ద విమానాలైతే ఫలానా చోట ఉన్నామని వాటంతట అవే చెప్పుకుంటాయి, ఈ పాత బుల్లి విమానం తన నంబరు మాత్రం అరుచుకుంటూ పోతుంది, ఎక్కడుందో చెప్పదు, ఆ అరుపు మా నాలుగిళ్ల యాంటెన్నాలకి రెప్పపాటులో వెయ్యో వంతు తేడాతో చేరుతుంది, ఆ తేడాలు పట్టుకుని లెక్కల మాస్టారు, రిటైరైనా సుద్దముక్క వదలని మనిషి, అది ఎక్కడుందో పటం మీద చుక్క పెట్టి చూపిస్తారు, ఇవాళా పదింబావుకి పెట్టారు, వెతికేవాళ్లకి ఇంకో ఆధారమంటూ లేదు, జీపులూ కుక్కలూ మనుషులూ అందరూ ఆ చుక్క దగ్గరికే పరిగెత్తారు, చుక్క సరిగ్గా రావాలంటే ఒక్కటే షరతు, నాలుగిళ్ల యాంటెన్నాలూ ఎక్కడున్నాయని పటంలో రాసుకున్నామో అవి అక్కడే ఉండాలి.

నాలుగోది నాది, అది అక్కడ లేదు, ఏడు నెలలుగా లేదు, నీళ్ల ట్యాంకు వీధిలో మూడో అంతస్తు ఖాళీ చేసి బస్టాండు వెనక సందులోకి మారాం, కిలోమీటరున్నర, అంతే, కానీ ఇక్కడ కిలోమీటరున్నర తప్పితే అక్కడ కొండల్లో ఐదారు కిలోమీటర్లు తప్పుతుంది, ఇది మాస్టారే మొదట్లో బోర్డు మీద వేసి చూపించారు, ముందు వరసలో కూర్చుని బుద్ధిమంతుడిలా తలూపింది నేనే, మరి కొత్త చోటు ఎందుకు రాయలేదురా వెధవా అంటే, అఖండం, ఛీ, ఆ మాటే ఇప్పుడు నోరు చేదెక్కిస్తోంది, ఒక్క రోజైనా ఆపకుండా రిసీవరు, అదే యాంటెన్నా కింది సంకేతాల పెట్టె, నడిపిన రోజుల లెక్కకి మా బృందం పెట్టుకున్న ముద్దుపేరు, ఇల్లు మారి కొత్త చోటు రాస్తే ఆ లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు, నాది అప్పటికి తొమ్మిది వందల ఎనిమిది, బాబాయ్‌ది తొమ్మిది వందల ఇరవై, వాడి డాబా మీద పిడుగు పడకపోతుందా అని వానాకాలమంతా మబ్బుల వంక చూసినవాణ్ని, నేను ఒకటి నుంచి మొదలెడతానా, సామాన్లు లారీకెక్కుతుంటే ఒక చేత్తో బ్యాటరీ, ఇంకో చేత్తో యాంటెన్నా పట్టుకుని టాక్సీలో కూర్చున్నాను, పెట్టె మీది ఆకుపచ్చ దీపం ఆరకుండా, మా ఆవిడ గాజు సామాను ఒళ్లో పెట్టుకుని నా వంక ఎగాదిగా చూసి, సంసారమంతా లారీలో ఊగుతోంది, మీకా ఇనుప పుల్ల ముఖ్యమైపోయిందా, పిల్లల్లేరు కాబట్టి సరిపోయింది, ఉంటే వాళ్లనీ లారీకే ఎక్కించి ఉందురు అంది, నేను నవ్వాను, గొప్పగా నవ్వాను.

మాస్టారు కనిపెట్టకపోలేదు, నెల తిరక్కుండా ఫోన్ చేశారు, ఏమోయ్, నీ పెట్టె టైము తేడా చూపిస్తోంది, ఏమన్నా కదిలించావా అని, అబ్బే లేదు మాస్టారూ, లోపల గడియారం చిప్పు పాతబడినట్టుంది అన్నాను, చిప్పట, ఎంత చక్కగా వచ్చింది నోటికి, ఆయన పాపం, సరే నీ తేడా నేను సర్దుకుంటాలే, కొత్తది కొనేదాకా దాని జోలికి పోకు అన్నారు, సర్దుకున్నారు, నా అబద్ధానికి తన కాయితంలో ప్రత్యేకంగా ఒక గడి గీసిచ్చారు, ఎనభై దగ్గర పడ్డ మనిషి కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని ఏడు నెలలుగా రోజూ ఆ గడి నింపుతున్నారు, లేని చిప్పు కోసం, తప్పు చిప్పుదైతే ఆ సర్దుబాటు ఏ దిక్కుకైనా సరిపోయేది, తప్పు చోటుదైతే దిక్కుకో తేడా, కొండల వైపు అది పనికిరాదు, థూ, ఇక్కడ పన్ను అర మిల్లీమీటరు ఎత్తుగా వస్తే గీకి గీకి సరిచేసేదాకా కుర్చీ దిగను, నీ అంత చాదస్తుణ్ని ఎక్కడా చూడలేదయ్యా అంటాడు మా డాక్టరు, చాదస్తమూ లేదు, పాడూ లేదు, పళ్లయితే మర్నాడే పెద్దాయన వచ్చి బల్ల మీద పారేసి తిడతాడు, విమానం ఎక్కడుందో నేను తప్పు చెప్పినా ఇన్నాళ్లూ అడిగిన నాథుడు లేడు.

మా ఆవిడ ఫోన్, ఎత్తక తప్పలేదు, ఏవండీ టీవీలో చెబుతున్నారు, మీ వాళ్లే కనిపెట్టారట కదా, పక్కింటావిడకి చెప్పాను అందులో మావారి యాంటెన్నా కూడా ఉందని, ఆవిడ నోరెళ్లబెట్టింది, పాపం నేనే దాన్ని ఇనుప పుల్ల అన్నాను, ఇంక అనన్లెండి, సాయంత్రం మీరొచ్చాక ఆ దీపం దగ్గర ఒక ఫోటో దిగుదాం అంది, ఊఁ అన్నాను, పెట్టేశాక ఫోన్లో బృందం తెరుచుకుంది, పన్నెండూ యాభై, బాబాయ్ ఎవరి గొంతో పంపాడు, విమానం నడిపే ఆయన భార్యట, వద్దు వద్దనుకుంటూనే చెవికి ఆనించాను, అన్నయ్యా, మీరెవరో నాకు తెలీదు, మీరు చెప్పిన చోటే వెతుకుతున్నారటండీ, ఇంజన్ ఆగింది, దింపేస్తున్నానని ఆయన రేడియోలో చాలా నిదానంగా చెప్పారట, దింపే ఉంటారు, ఆయనకది బాగా వచ్చు, మీ మేలు మర్చిపోనన్నయ్యా, అని, దాని కింద బాబాయ్, ధైర్యంగా ఉండమ్మా మా చుక్క తప్పదు అని ఛాతీ విరుచుకున్నాడు, ఆ కింద మాస్టారు, రెండున్నర గంటలైనా అక్కడ ఏమీ దొరకలేదంటున్నారు, తప్పు నాదే అయ్యుంటుంది, వయసు మీద పడింది, మళ్లీ మొదటి నుంచి వేస్తున్నాను, అని.

తప్పు ఆయనదట, చెప్పెయ్ రా, ఏమని చెప్పను, కేబులు ఎలకలు కొరికాయని చెబితే, నమ్ముతారు, ఏం చెప్పినా నమ్ముతారు ఆయన, అదే కదా నా ధైర్యం, లేదా చప్పుడు చెయ్యకుండా పటంలో చోటు మార్చేసి ఇంకోసారి వేసి చూడండి మాస్టారూ అంటే, మార్చిన తేదీ పక్కనే పడుతుంది, బాబాయ్ చూస్తాడు, చూసి నలుగురిలో చదువుతాడు, మొహం ఎలా ఎత్తుకోను, అయినా పడీ పడగానే అంతా అయిపోయుంటుంది, ఏముంటుంది ఆ విమానంలో, రేకు, రేకూ నాలుగు తీగలూ, అయిపోయుంటే ఇంక ఐదు కిలోమీటర్లు అటైతేనేం ఇటైతేనేం, ఎప్పుడు దొరికినా ఒకటే, నా కిలోమీటరున్నరకి ఏ పాపమూ అంటదు, అవును, అయిపోయుంటే బాగుణ్ను, అనుకున్నాను, అనుకోగానే భుజాలు తేలికపడ్డాయి, ఊపిరి హాయిగా ఆడింది, ఆ హాయికి నాకే భయం వేసింది, ఏమన్నావురా, ఇంకోసారి అను, అన్నయ్యా అని పిలిచిన మనిషి మొగుడు చచ్చి ఉంటే బాగుణ్ను అన్నావు, ఫోటోలు తీసుకునే ఆ పిల్లనీ కలిపి చంపేశావు, దేనికి, పదకొండు వందల ఇరవై రోజులకి, బాబాయ్ పళ్లికిలించకుండా ఉండటానికి, వాంతి వచ్చింది, సింకు దాకా వెళ్లి నిజంగానే కక్కాను, నోరు కడుక్కోకుండానే నంబరు నొక్కాను.

చెప్పవోయ్, త్వరగా, లెక్కలో ఉన్నాను, అన్నారు మాస్టారు, మాస్టారూ నేను ఇల్లు మారాను, అన్నాను, ఏడు నెలలైంది, చిప్పూ లేదు గాడిద గుడ్డూ లేదు, యాంటెన్నా అప్పుడే తీసుకొచ్చేశాను, ఇక్కడి నుంచే నడుపుతున్నాను, అవతల బోర్డు మీద సుద్ద చప్పుడు ఆగింది, తిడతారనుకున్నాను, ఛీ కొడతారనుకున్నాను, ఏ సందు, ఇంటి నంబరెంత, ఎన్నో అంతస్తు, అన్నారు, బస్టాండు వెనక రెండో సందు, నలభై ఒకటి, రెండో అంతస్తు, అన్నాను, సుద్ద మళ్లీ మొదలైంది, మాస్టారూ నన్ను రెండు తిట్లు తిట్టండి, అన్నాను, ఉండవోయ్, నీ గోల ఎవడిక్కావాలి, లైను పెట్టెయ్, వాళ్లకి చెప్పాలి, అని ఆయనే పెట్టేశారు, అప్పుడు తెలిసింది, నా సిగ్గుతో అక్కడ ఎవరికీ పనిలేదని, వాళ్లకి కావలసింది ఒక్క ఇంటి నంబరని, అది పొద్దున్నుంచీ నా దగ్గరే ఉందని.