రంగు రాని గొట్టం

రంగు రాకపోవడం కూడా ఒక జవాబేనని మనుషులకు అర్థం కావడానికి అంత కాలం ఎందుకు పట్టిందో, ఈ బీరువా అరలో పడుకుని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. నేను ఒక గాజు గొట్టాన్ని, చిటికెన వేలంత ఉంటాను. నాలో నీళ్లు పట్టి మందు నాలుగు చుక్కలు వేస్తే, నీళ్లలో క్రిములను చంపే క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది, లేకపోతే రాదు. నాకు తెలిసిన విద్య అంతే.

కొలిమిలో కరిగి రూపు దిద్దుకుని, దూది పెట్టెలో ఈ ఆసుపత్రికి వచ్చాను. నన్ను మొదట అందుకున్న పెద్దమనిషి, ఎక్కడ పగిలిపోతానోనని మూడేళ్లు తాళం వేసి దాచాడు. ఆ మూడేళ్లూ జనం ఎలాంటి నీళ్లు తాగారో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. తరువాత వచ్చిన సూపర్‌వైజరు ఫణిశ్రీ మేడం తాళం తీసి, నన్ను వెలుతురుకెత్తి చూసింది. ఒకరికి పనికొస్తానన్న సంగతి ఆమె వేళ్ల మధ్యే తెలిసింది.

ఆమె వచ్చిన రెండో ఏడు, వానలకు ముందు, పదకొండు మంది ఆశా కార్యకర్తలకు శిక్షణ పెట్టింది. అంటురోగం ఊళ్లోకి రాకముందే ఏం చేయాలన్నది పాఠం. వరండాలో బకెట్ నీళ్లు పెట్టి, ఒక్కొక్కరూ పరీక్ష చేసి ఫలితం రాయమని చెప్పి లోపలికి వెళ్లింది. సన్యాసమ్మ వంతు వచ్చింది. నాలో రంగు రాలేదు. ఆమె అటూ ఇటూ చూసి, మూలనున్న బస్తాలోంచి క్లోరిన్ ఉండే బ్లీచింగు పొడి చిటికెడు తీసి నాలో వేసింది.

"ఏటే, నువ్వూనా?" పక్కనున్న గౌరమ్మ నవ్వింది. "నేనూ అదే సేసినాను. రంగు రాకపోతే నీళ్లనేటీ అనరు, మనల్నే అంటారు."

పదకొండుసార్లు నన్ను కడిగారు. పదకొండుసార్లూ పసుపే.

మేడం కాగితాలు చూసి మెల్లగా చెప్పింది. "ఈ బకెట్‌లో క్లోరిన్ లేదమ్మా. మా ఇంటి బోరు నీళ్లు."

ఆమె అరుస్తుందనుకున్నాను. ఆమె మాత్రం వాళ్ల మధ్య నేల మీద కూర్చుంది.

"పోయినేడు మీటింగులో రంగు రాలేదని చెప్పినామెను గంటసేపు నిలబెట్టింది నేనే. ఈ భయం మీకు నేర్పింది నేనే. రోగం కంటే ముందు మనం దీన్నే వదిలించుకోవాలి."

మళ్లీ పరీక్ష చేసి, చూసింది చూసినట్టు ఆమె ముఖంలోకి చూస్తూ చెప్పడమే ఆ పూట శిక్షణ. పదిమంది చెప్పారు. సన్యాసమ్మ ఒక్కతే మిగిలింది.

"నోరు రాట్లేదు మేడం."

"ఇవాళ రాకపోతే ఇంకోరోజు వస్తుంది," అని మేడం నన్ను ఊరికి పట్టుకెళ్లమని ఆమె చేతిలోనే పెట్టింది. మాట రాని మనిషిని నమ్మడం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.

ఇప్పుడు నా అంచు చిట్లింది, కొత్త గొట్టాలు వచ్చాయి. దిగులేమీ లేదు. నన్ను ఉన్నదున్నట్టు ఉండనిచ్చిన ఒక మధ్యాహ్నం నాకు దక్కింది, అది చాలు.

ఆ ఏటి శ్రావణమాసం, ముసురు పట్టిన మధ్యాహ్నం అది. సన్యాసమ్మ ఊరి చివరి వీధిలో ముగ్గురు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆమె ఆ వీధి కుళాయి నీళ్లు నాలో పట్టి చుక్కలు వేసింది. రంగు రాలేదు. నీళ్ల ట్యాంకు చూస్తూ అందులో బ్లీచింగు కలపాల్సిన రామినాయుడు పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఏటాలోసిస్తన్నావక్కా? సిటికెడు బ్లీచింగు పడేస్తే పసుపొచ్చేస్తాది, రాసుకుపో. పైవోళ్లకి తెలిస్తే నా ఉద్యోగమూ ఉండదు, నీదీ ఉండదు," అంటూ బ్లీచింగు పొట్లం అందించబోయాడు.

ఆమె చెయ్యి దాని వైపు కదిలింది. భయం మనసులో ఉంటుందంటారు. నాకు తెలిసినంతలో అది వేళ్లలో ఉంటుంది, అలవాటైన దారిన తనే నడుస్తుంది. ఇంతలో ఎదురింటి గుమ్మంలోంచి, కూతుర్ని ఒళ్లో వేసుకున్న ఒక తల్లి పిలిచింది.

"సన్యాసమ్మొదినా, గుంటకి తాగింది తాగినట్టే పోతంది. కళ్లు లోపలికెల్లిపోనాయి."

వేళ్లు ఆగాయి. సన్యాసమ్మ ఉప్పూ పంచదారా కలిపిన పొడి పొట్లాలు ఆ తల్లికిచ్చి, కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి పట్టమంది. రామినాయుడి వైపు చూడకుండా, తడిచేతిని చీరకు తుడుచుకుని, ఫోను తీసి మేడం పేరు నొక్కింది.

"మేడం, సన్యాసమ్మని. మా సివరి వీధిలో ముగ్గురు పిల్లలకి ఇరోసనాలు. కుళాయి నీళ్లకి రంగు రాలేదు. నేనేటీ కలపలేదు."