బ్యాండు కట్టిన చెయ్యి

“చెయ్యి ఇలా తే” అన్నాడు మా ఆయన.

పొద్దున్న ఐదున్నర. నా రెండు చేతులూ సబ్బునీళ్ళ బకెట్లో ఉన్నాయి. తుడుచుకునేలోపే ఒకటి లాగి, మణికట్టుకి నల్లటి బ్యాండు బిగించేశాడు. ఏదో కానుక తెచ్చాడనుకున్నాను, నా మొహం.

ఆ బ్యాండు వాళ్ళ ఆఫీసుది. తీరికలేని ఉద్యోగులు రోజుకి ఇరవై నిమిషాలు ఇంట్లోనే వర్కవుట్ చెయ్యాలట. నలభై సెకన్లు ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి గెంతాలి, గుంజీళ్ళు తియ్యాలి. ఇరవై సెకన్లు ఆగాలి. మళ్ళీ నలభై. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటే అన్ని పాయింట్లు, బ్యాండే ఆఫీసుకి పంపుతుంది. మా ఆయన రెండు రోజులు చేశాడు. హాల్లో కుర్చీలు జరిపింది నేను, చాప పరిచింది నేను, వీడియో కనబడేలా ఫోను పట్టుకుని నిలబడింది నేను. రెండో రోజు ఆరో నిమిషంలో సోఫాలో కూలబడి, “ఇది మనుషులు చేసే పనేనా?” అంటూ మంచినీళ్ళు అడిగాడు. మూడో రోజుకి ఈ తెలివి పుట్టింది.

“నువ్వెలాగూ పొద్దున్నే పరుగులు పెడుతూనే ఉంటావుగా. అదంతా ఉత్తినే పోతోంది” అన్నాడు. ఉత్తినే పోతోందట! పన్నెండేళ్ళుగా నేను చేస్తున్న చాకిరీ అతని కంట పడిందని ఆ రోజే తెలిసింది నాకు.

మా లిఫ్టు చెడిపోయి నాలుగు నెలలు. మూడంతస్తులు దిగి చెత్త పారేసి, తాగే నీళ్ళ డబ్బా భుజాన వేసుకుని ఎక్కాలి. దుప్పట్లు ఉతికి పిండాలి. అత్తగారి స్నానానికి వేడినీళ్ళు మొయ్యాలి. వంట, గిన్నెలు, తడిగుడ్డ. ఎనిమిదింటికి బ్యాండు విప్పి ఆయనగారి చేతికి కట్టి, నేను బట్టల దుకాణానికి పరిగెత్తాలి. అక్కడ తొమ్మిది గంటలు నిలబడే ఉండాలి. స్టూళ్ళు లేక కాదు, అవి కొనడానికొచ్చినవాళ్ళకి.

నెల తిరిగేసరికి మా ఆయన ఆఫీసులో ఫస్టు. నోటీసు బోర్డు మీద ఫోటో, పక్కన చప్పట్ల బొమ్మలు. ఆ ఫోటోని ఫోన్లో చూసుకుని అత్తగారు మురిసిపోయింది. “మావాడికి చిన్నప్పట్నుంచీ పట్టుదలెక్కువ. నువ్వూ వాణ్ణి చూసి నేర్చుకోవచ్చుగా? మూడంతస్తులెక్కడానికి అంతలా రొప్పుతావేం?”

రొప్పుతున్న మాట నిజమే. ఈమధ్య మెట్ల మలుపులో గోడ పట్టుకుని ఆగాల్సి వస్తోంది. గుండె ఒక దెబ్బ తప్పి, ఆ వెంటనే రెండు దెబ్బలు ఒక్కసారే పడినట్టుంటుంది. భయమేసి చెబితే, “టీలు తగ్గించు” అన్నాడు మా ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఓ ఆదివారం సాయంత్రం వాళ్ళ కంపెనీ డాక్టరమ్మ ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టాడు, ఇంకో మెచ్చుకోలు కాబోలనుకుని. “మీ బ్యాండు రికార్డు చూశాను. గుండె లయ తప్పుతోంది, పది రోజులుగా మరీ ఎక్కువగా. రేపే రండి. ఈలోగా బరువులెత్తకండి, మెట్లెక్కకండి.”

మా ఆయన మొహం పాలిపోయింది. ఒక్క క్షణం. అంతలోనే ఏదో గుర్తొచ్చింది. నా మణికట్టు వైపు చూసి, గుండెల నిండా గాలి పీల్చుకుని, “అమ్మయ్య!” అన్నాడు.

అమ్మయ్య అన్నాడు. నేను ఎదురుగానే ఉన్నాను.

అత్తగారికి ఈ సంగతేం తెలుసు? లబోదిబోమంది. కొడుకుని సోఫాలో పడుకోబెట్టి దిండు సర్దింది. “కదలకురా నాన్నా. ఏం కావాలన్నా అదిస్తుంది” అంది. అది అంటే నేను. ఆయనగారు కళ్ళు మూసుకుని పడుకున్నాడు, నిజంగానే జబ్బు మనిషిలా.

అత్తగారు అటు వెళ్ళగానే వంటగదిలోకి పిలిచి నిలదీశాను. “అది నా గుండె కదండీ!”

“మెల్లగా! అమ్మ వింటుంది. ఆఫీసులో తెలిస్తే నా పరువేం కావాలి? రేపు నాకు టెస్టులు చేస్తారు, అన్నీ బాగున్నాయంటారు, గొడవ వదిలిపోతుంది. నిన్ను తర్వాత చూపిద్దాంలే. నీకేం, గుండ్రాయిలా ఉన్నావు.”

ఆ ‘తర్వాత’ నాకు తెలియనిదా! పన్ను నొప్పికి ‘తర్వాత’ అంటూనే ఉన్నాడు, చివరికి పన్నే పోయింది.

మర్నాడు పొద్దున్న బ్యాండు కట్టలేదు. “డాక్టరు ఆపమందిగా” అన్నాడు. బ్యాండు ఒక్కటే ఆగింది. నీళ్ళ డబ్బా నా భుజం మీదే ఎక్కింది. ఆ రోజు మలుపులో రెండుసార్లు కూర్చుండిపోయాను. చచ్చిపోతానేమోనని భయమేసింది. నేను పోయినా వీళ్ళు ముందు నీళ్ళెవరు తెస్తారనే చూసుకుంటారని దుఃఖం పొంగుకొచ్చింది.

రిపోర్టుల ఫైలు కూడా వాణ్ణి మొయ్యనివ్వద్దని అత్తగారు నన్ను డాక్టరమ్మ దగ్గరికి వెంట పంపింది.

పరీక్ష మంచం మీద మా ఆయన ఛాతీకి తీగలు పెట్టారు. డాక్టరమ్మ ఈసీజీ కాగితం చూసింది, కంప్యూటర్లో బ్యాండు గీతలు చూసింది, మళ్ళీ కాగితం చూసింది.

“మీ గుండె భేషుగ్గా ఉంది. దానికీ దీనికీ పొంతనే లేదు. రోజూ పొద్దున్న ఏం చేస్తారు మీరు?”

“వర్కవుటే మేడమ్. నలభై సెకన్లు చెయ్యడం, ఇరవై సెకన్లు ఆగడం.”

“ఆగినట్టు ఎక్కడా లేదే! ఐదున్నర నుంచి ఎనిమిది దాకా ఒక్క ఇరవై సెకన్లు కూడా లేదు.”

“పట్టుదల మేడమ్” అని నవ్వాడు.

“అయితే బ్యాండే పాడై ఉంటుంది. ఈ రికార్డు కొట్టేస్తాను.”

“కొట్టెయ్యండి మేడమ్. చవక సరుకు.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా గుండె బాగోలేదని చెప్పడానికి ఈ లోకంలో ఉన్నవి ఆ గీతలే, అవీ ఇతని పేరు మీద ఉన్నాయి. ఆవిడ వేలు కదిలితే అవీ ఉండవు. ఫైలు బల్ల మీద పడేసి లేచాను.

“కొట్టెయ్యకండి డాక్టరుగారూ. అది పాడవలేదు. రోజూ కట్టుకున్నది నేను.”

“నువ్వు నోరు మూసుకో! దీనికేం తెలీదు మేడమ్, దేన్నో దేనికో ముడిపెడుతుంది—”

డాక్టరమ్మ అతని వైపు చూడలేదు. నా వైపు చూసింది, పెదాల వైపు, గోళ్ళ వైపు.

చెప్పులు విడిచి మంచం దగ్గరికెళ్ళాను. తీగలన్నీ ఇంకా అతని ఛాతీ మీదే ఉన్నాయి. అలవాటు కొద్దీ ‘లేవండి’ అనబోయాను. ఆ ‘అండి’ గొంతు దాటి రాలేదు.

“లే,” అన్నాను. “ఆ గుండె నాది.”