కృష్ణకుమారి ఏడవని రోజు

మృదుల ఇంగ్లీషులో రాసిన మొదటి నవల 2002లో వచ్చింది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక పుస్తకాల షాపు వాళ్ళు పిలిస్తే చదివి వినిపించడానికి వెళ్ళింది. ఐదుగురు వచ్చారు. అమ్మ, నాన్న, షాపులో పనిచేసే అమ్మాయి, బయట వాన పడుతోందని లోపలికొచ్చిన పెద్దాయన. ఐదో మనిషి కృష్ణకుమారి. ముందు వరసలో కూర్చుని, అయిపోయాక రెండు పుస్తకాలు కొనుక్కుని వెళ్ళింది.

మృదుల తల్లిదండ్రులు హైమ, దక్షిణామూర్తి ఇద్దరూ డాక్టర్లు. వాళ్ళు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఏ వేళయ్యేదో చెప్పలేం గనక, చిన్నప్పుడు మృదుల స్కూలు బస్సు దిగి పక్క వీధిలో ఉన్న కృష్ణకుమారి ఇంటికి వెళ్ళేది. కృష్ణకుమారి భర్త దామోదర్ ఇంజనీరు. 1981లో ఆఫీసులోనే గుండె ఆగి పోయాడు. అప్పటికి ఆమెకు ముప్పయ్యేళ్ళు. పిల్లల్లేరు. ఇండియా వచ్చేయమని అందరూ చెప్పినా వినకుండా కౌంటీ ఆఫీసులో గుమస్తాగా చేరింది. మధ్యాహ్నం మూడుకల్లా ఇంటికొచ్చే పని. మృదులకు ఉప్మా పెట్టి, పక్కన కూర్చుని, తన పెళ్ళి సంగతులు, దామోదర్ పోయిన సంగతి కూడా మామూలుగా చెప్పేది. పిల్ల ఆ మాటలన్నీ గుర్తు పెట్టుకుంది.

మెడిసిన్ రెండేళ్ళు చదివి మానేసిన మృదుల, ఒక వైద్య పత్రికలో వ్యాసాలు దిద్దే ఉద్యోగం చేసుకుంటూ పొద్దున్నే లేచి రాసుకునేది. మొదటి నవలని ఎవరూ పట్టించుకోలేదు. రెండోదానికి ఐదేళ్ళు పట్టింది. న్యూజెర్సీలో భర్త పోయిన ఒక తెలుగు స్త్రీ కథ అది. 2007లో వచ్చిన ఆ పుస్తకానికి మరుసటి ఏడాది పెద్ద బహుమతి వచ్చింది. భర్త పోయిన వారంలో ఆ స్త్రీ మంచులో కూర్చుని గాజులు ఒక్కొక్కటే తీస్తూ ఏడ్చే అధ్యాయాన్ని న్యాయనిర్ణేతలు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

ఎడిసన్‌లో తెలుగువాళ్ళు హాలు బుక్ చేసి మృదులకు సన్మానం చేశారు. కృష్ణకుమారి రాలేదు. ఫోన్ చేస్తే తియ్యలేదు. మూడు వారాలయ్యాక హైమ కూతురితో అంది:

“ఆ బుక్‌లో ఉన్నది కృష్ణకుమారేనని అందరికీ తెలిసిపోయిందే. గుళ్ళో కనిపిస్తే చాలు, చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నారట. మొన్న పూజ మధ్యలోనే లేచి డ్రైవ్ చేసుకుని వెళ్ళిపోయింది.”

ఆ శనివారం మధ్యాహ్నం మృదుల వెళ్ళింది. కృష్ణకుమారి తలుపు తీసి లోపలికి నడిచింది. వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది.

“పేరు మార్చాను ఆంటీ. ఊరు కూడా మార్చాను,” అంది మృదుల.

“నా గురించి రాశావని కాదమ్మా.” చేతిలో పని ఆపలేదు. “నా మొహం చూసి ‘పాపం’ అనడం మాన్పించడానికి నాకు పాతికేళ్ళు పట్టింది. ఇప్పుడు మళ్ళీ మొదలెట్టారు.”

“ఐ యామ్ సారీ ఆంటీ. మీరు చదివారా?”

“లేదు. వాళ్ళూ వీళ్ళూ చెప్తే విన్నాను. నువ్వే చదివి చెప్పు. తెలుగులో చెప్పు. ఆయనా నేనూ ఇంగ్లీషులో మాట్లాడుకోలేదుగా.”

అలా మొదలైంది. ప్రతి శనివారం మృదుల పుస్తకం తెరిచి ఒక్కో వాక్యమే తనకొచ్చిన తెలుగులో చెప్పేది. నెలల తరబడి చెక్కిన వాక్యాలు ఆ వంటింట్లో నిలబడలేదు. విమర్శకులు ఎత్తి రాసిన ఒక వాక్యాన్ని చెప్పబోయి, “ఆవిడ బాధ... అంటే ఒక ఇల్లులాగా... అందులో రూములు...” అని ఆగిపోయింది. కృష్ణకుమారి కాసేపు చూసి, “బాధగా ఉందంటావు. అంతేనా? సరే, తర్వాత?” అంది.

నాలుగో శనివారం మంచులో ఏడ్చే అధ్యాయం వచ్చింది. అంతా విని కృష్ణకుమారి అడిగింది:

“నేను ఏడ్చానని నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. ఏడ్చి ఉంటారు అనుకున్నా.”

“తర్వాత చాలా ఏడ్చాను. నెలల తర్వాత. ఆ వారం ఏడవలేదు.” లేచి స్టవ్ కట్టేసి వచ్చింది. “ఆయన పోయిన ఐదో రోజు నాకు డ్రైవింగ్ టెస్ట్ ఉంది. ఆయనే బుక్ చేశారు. ప్రతి ఆదివారం పార్కింగ్ లాట్‌లో నేర్పించేవారు. పొద్దున్న లేచేసరికి ఇల్లంతా చుట్టాలు. నాకు ఒకటే అనిపించింది, ఇప్పుడు వెళ్ళకపోతే ఇంకెప్పటికీ వెళ్ళనని. పక్కింటి అమెరికన్ ఆవిడ కారులో వెళ్ళాను. పాసయ్యాను.”

మృదుల పుస్తకం మూసింది.

“బయటికొచ్చాక ఆకలేసింది. నాలుగు రోజుల్నుంచీ సరిగ్గా తిన్లేదు. పక్కనే డోనట్ల షాపు. రెండు తిన్నాను, మైలలో. ఇంటికొస్తే మా బావగారు నా మొహం కూడా చూడలేదు. మూతికి పంచదార అంటుకుని ఉందట.”

ఆమె నవ్వింది. మృదులకు నవ్వు రాలేదు. ఆ డోనట్ల ముందు తన మంచూ గాజులూ ఎంత తేలికైనవో ఆ క్షణంలో తెలిసింది. ఇంత దగ్గరి మనిషిని తను ఒక్క మాట కూడా అడగలేదు.

“అది రాయొచ్చా ఆంటీ?” అని అడిగింది.

“రాస్తే ఉన్నదున్నట్టు రాయి. దానిమీద నగలు పెట్టకు.”

మృదుల ఇంటికెళ్ళి ఆ అధ్యాయం తీసేసి కొత్తది రాసింది. న్యూయార్క్‌లో ఉన్న ఎడిటర్‌కి ఫోన్ చేసి, రాబోయే పేపర్‌బ్యాక్ ముద్రణలో ఇదే వేయాలంది. ఎడిటర్ ఒకసారి కాదు, మూడుసార్లు మాట్లాడింది. బహుమతి వచ్చిందే ఆ అధ్యాయం వల్ల కదా అంది. పాఠకులు దానికోసమే కొంటారంది. మృదుల అన్నిటికీ తెలుసనే చెప్పింది, మాట మాత్రం మార్చలేదు. చివరికి ఒప్పుకున్నారు గానీ, ఆ తర్వాత ఆ ఆఫీసు నుంచి ఫోన్లు తగ్గాయి.

పేపర్‌బ్యాక్ వచ్చాక, ఆ నవలని కాలేజీలో పాఠంగా చెప్పే ఒక ప్రొఫెసర్ ఉత్తరం రాశాడు. పుస్తకంలోని గుండెకాయని తీసేసి డోనట్ పెట్టారని బాధపడ్డాడు. మృదుల రెండు రోజులు అన్నం సహించక తిరిగింది. ఆయన చెప్పిందే నిజమేమోనని కూడా అనిపించింది. వాక్యాల వరకూ చూస్తే పాతదే అందంగా ఉంది మరి.

కృష్ణకుమారి మాత్రం గుడి నుంచి వచ్చి ఫోన్ చేసింది. “గుళ్ళో లీలావతి గారు కనిపించారు. చదివారట. ‘ఐదో రోజే వెళ్ళి డోనట్లు తిన్నావా, ఏం రాతిగుండె తల్లీ నీది’ అన్నారు.”

“అయ్యో. మీరేమన్నారు?”

“డోనట్లు బావున్నాయండీ అన్నాను. ‘పాపం’ కంటే ‘రాతిగుండె’ నయం కదే.” ఆమె గొంతులో చాలా కాలం తర్వాత పాత హుషారు వినిపించింది.

మూడో నవల రావడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. పాత ప్రచురణకర్త వద్దంటే, 2014లో ఒక చిన్న సంస్థ వేసింది. సమీక్షలు నాలుగైదుకి మించి రాలేదు. అప్పటికి మృదుల ఒక కాలేజీలో రాయడం నేర్పుతోంది. జీతం తక్కువైనా పొద్దుటిపూట తనదే. కొత్త పుస్తకం తీసుకుని ఒక ఆదివారం కృష్ణకుమారి ఇంటికి వెళ్ళింది.

ఆమె అట్ట తిప్పి చూసింది. “ఇందులో కూడా నేనున్నానా?”

“లేరు ఆంటీ. ఇది నాన్న గురించి. నాన్న ఇక్కడికి వచ్చిన కొత్తలో, హాస్పిటల్‌లో.”

“మీ నాన్నకి చదివి వినిపించావా?”

“ప్రింట్‌కి ముందే. తెలుగులో. రెండు చోట్ల తీసెయ్యమన్నారు.”

“తీసేశావా?”

“ఒక చోట తీసేశాను.”

కృష్ణకుమారి కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి పేజీ తెరిచింది.