ఆమెన్ పడ్డ మాట

ఉపవాస ప్రార్థన రోజే ఆ ఇంట్లో పొయ్యికి తీరిక ఉండదు. శుక్రవారం పొద్దున్నుంచీ అందరూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా దేవుణ్ణి వేడుకుంటారు, మధ్యాహ్నం ప్రార్థన ముగియగానే భోజనాలకి కూర్చుంటారు. మధ్యలో ఆ వంట ఎవరు చేస్తున్నారన్నది దేవుడికీ నిస్సీకీ తెలిస్తే చాలు. ఆ శుక్రవారం కూడా ఆమె ఖాళీ కడుపుతో చేపల పులుసు కలుపుతూ, ఉప్పు సరిపోయిందో లేదో వాసన బట్టి అంచనా వేసుకుంటోంది. రుచి చూస్తే ఉపవాసం చెడుతుంది. ఆ రోజుకి ఒకటే విశేషం. ప్రార్థన ఆమె కోసమే. ఆమెకు పట్టిన దయ్యాన్ని వదిలించడానికి వచ్చేవాళ్ళందరికీ ఆమే వండుతోంది.

నిస్సీ ఏలూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు అత్తగారు ప్రభావతమ్మ ఆమెను హాల్లో మోకాళ్ళ మీద ఉంచి, తల మీద చెయ్యి వేసి, "ప్రభువా, ఈ ఇంటి పొయ్యిని నీ బిడ్డ చేతికి అప్పగిస్తున్నాం" అని ప్రార్థన చేశారు. చుట్టాలందరూ ఆమెన్ అన్నారు. నిస్సీ కూడా అంది. ప్రార్థన చివర ఆమెన్ అనడం ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు, దేనికి అంటున్నామో చూసుకునే అలవాటే లేదు. ఆ ఒక్క మాటతో ఇన్నేళ్ళ వంట ఆమె మెడకు చుట్టుకుంది. జ్వరమొచ్చి లేవలేకపోయినా, పరీక్ష పేపర్లు దిద్దాల్సి వచ్చినా, కాస్త అన్నం వార్చమని అడిగితే అత్తగారు ఎంతో మెత్తగా అనేవారు: "ఆమెన్ పడ్డ మాటమ్మా. మనం మారుస్తామా?"

భర్త ఆనంద్ పాల్ కరెంటాఫీసులో ఇంజనీరు. తాగడు, చెయ్యెత్తడు, గొంతు పెంచడు. అవి చెయ్యకపోవడమే తను చేసిన మేలైనట్టు అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటాడు. "నిన్ను చదువుకోవద్దని నేనెప్పుడైనా అన్నానా?" అంటాడు, తాగేసిన కాఫీ గ్లాసు ఆమె చేతికి అందిస్తూ. నిజమే, అనలేదు. కాకపోతే పీహెచ్‌డీ పేపరు చదవాల్సిన మొదటి సెమినారు నాడు అత్తగారి కంటి ఆపరేషను పెట్టుకున్నారు. రెండోదాని నాటికి ఆడపడుచు పురిటికొచ్చింది. మూడోది రేపు, గుంటూరులో. ఈసారీ రాకపోతే రిజిస్ట్రేషన్ రద్దయిపోతుందని గైడు తేల్చి చెప్పేశారు.

ఆమె పేపరు ఒక పాత ఇంగ్లీషు దయ్యం సినిమా మీద. నలుపు తెలుపుల కాలం నాటిది, ఇప్పటికీ చూసినవాళ్ళు దీపం ఆర్పడానికి భయపడతారని పేరు. కొత్తగా పెళ్ళయిన పిల్లకి దయ్యం పడుతుంది. డాక్టరు వస్తాడు, ఫాదరు వస్తాడు, మొగుడు గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటాడు. మొదట్లో నిస్సీ కూడా అందరిలాగే భయపడుతూనే చూసింది. చూడగా చూడగా భయం పోయి, ఇంకేదో మొదలైంది. దయ్యం పట్టకముందు ఆ పిల్ల సినిమా మొత్తంలో "సరేనండి", "థాంక్సండి" తప్ప మాట్లాడదు. పట్టాక మాత్రం ఆపకుండా మాట్లాడుతుంది. ఆ గదిలోని మగవాళ్ళందరూ ఊపిరి బిగబట్టి వింటారు. ఫాదరు దయ్యాన్ని పేరేమిటని పదే పదే గద్దిస్తాడు. ఆ పిల్లని మాత్రం, అమ్మా నీకేమైంది, ఎక్కడ నొప్పిగా ఉంది అని ఒక్కడూ అడగడు. చివరికి దయ్యం వదిలిపోతుంది. పిల్ల లేచి కూర్చుని "థాంక్సండి" అంటుంది. దాన్ని జనం సుఖాంతం అన్నారు. నిస్సీకి ఆ "థాంక్సండి" విన్నప్పుడల్లా లాప్‌టాప్ మూసెయ్యాలనిపించేది. తనది ఏడుపో కోపమో ఆమెకు తెలిసేది కాదు.

చిక్కు వచ్చింది పోయిన ఆదివారం. మధ్యాహ్నం తలుపు వేసుకుని, ఆ పిల్ల మాటలు రాసుకోవడానికి ఒక్కో ముక్కా పెద్దగా పెట్టుకుని వింటూ, తనూ అంటూ రాసుకుంటోంది. తలుపు అవతల ప్రభావతమ్మగారికి లాప్‌టాప్‌లోని బొంగురు గొంతు వినపడింది, వెనకే కోడలి గొంతు. ఆ సాయంత్రమే ఆనంద్ పాల్ సోఫాలోంచి కాఫీ అడిగితే నిస్సీ తల ఎత్తకుండా, "మీరు పెట్టుకోండి. నాక్కూడా కాస్త పెట్టండి" అంది. రెండూ కలిపి చూసుకున్నారు తల్లీ కొడుకులు. దయ్యం గొంతు విన్నప్పుడు అనుమానమే, కాఫీ దగ్గర రూఢి అయిపోయింది.

"చర్చి అయ్యగారిని శుక్రవారం రమ్మన్నాం," అన్నాడు ఆనంద్ పాల్, చాలా జాలిగా. "అందరి ముందూ లాప్‌టాప్‌లోంచి ఆ సినిమా తీసేసి, ఈ చదువు మానేస్తున్నానని ఒక్క మాట చెప్పు. అంతే కదా."

అంతే కదా! ఇన్నేళ్ళ చదువు ఆయనకి అంతే.

సాక్ష్యం చెప్పడానికని అత్తగారు కలిదిండి నుంచి మెర్సీ పిన్నిని కూడా పిలిపించారు. నిస్సీ తల్లికి చెల్లెలు. వయసులో ఉండగా ఆవిడకీ దయ్యం పట్టిందనీ, ప్రార్థనతో విడుదలైందనీ చుట్టాలందరికీ తెలుసు. పొద్దున్నే బస్సు దిగి వచ్చింది, బొచ్చె చేప సంచీతో. వచ్చినదగ్గర్నుంచీ వంటింట్లోనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

"పిన్నీ, నిజం చెప్పు. అప్పుడు నిజంగానే పట్టిందా?"

"నాకేం తెలుసే తల్లీ. చెరువు గట్టు మీంచి వచ్చి కళ్ళు తిరిగి పడ్డాను. లేచేప్పటికి గొంతు బొంగురుపోయింది. నోరు తెరిస్తే అన్నీ నా మాటలే, లోపల దాచుకున్నవన్నీ వచ్చేశాయి. నాకు చద్దన్నం వద్దు, వేడన్నం పెట్టండన్నాను. మీ బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా అత్త విసనకర్ర తెచ్చి విసిరిందే నాకు!"

"తర్వాత?"

"అయ్యగారొచ్చారు. దయ్యం పేరడిగారు, చింతబరికెతో కొట్టారు, వదిలించారు. మర్నాడు మళ్ళీ చద్దన్నమే."

"నీకేమైందని ఎవరూ అడగలేదా?"

"దయ్యాన్నడిగారు. నన్నెవరు అడుగుతారే?" పిన్ని కత్తిపీట పక్కకి జరిపి గొంతు తగ్గించింది. "నా మాట విని నువ్వూ కాస్త బొంగురు గొంతు తెచ్చుకో. గుంటూరు పంపించమని గట్టిగా అరువు. చచ్చినట్టు పంపిస్తారు."

నిస్సీకి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక, అది జరిగే పనేనని తోచింది. ఆ గొంతు ఆమెకు కంఠతా వచ్చు.

హాలు నిండింది. యాకోబు అయ్యగారు పెద్దాయన, మనిషి మెతక, నూనె సీసా బల్ల మీద పెట్టుకున్నారు. పక్కనే లాప్‌టాప్. పిన్ని లేచి, "ప్రభువు నన్ను విడిపించాడండి" అని ఒక్క ముక్క చెప్పి, మళ్ళీ వంటింటి గుమ్మం దగ్గరే కూలబడింది. పెళ్ళినాడు మోకాళ్ళూనిన చోటనే నిస్సీని మళ్ళీ మోకాళ్ళ మీద ఉంచారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అయ్యగారు ఆమె నుదుట నూనె రాసి, గొంతు పెంచి అడిగారు. "ఈ బిడ్డను పట్టిన ఆత్మా, నీ పేరేమిటి? చెప్పు!"

ఆ బొంగురు గొంతు నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్క గర్జన చాలు, ఈ గది గజగజలాడిపోతుంది. ప్రయాణానికి బ్యాగు కూడా వీళ్ళే సర్దుతారు. కానీ దయ్యం సంపాదించింది దయ్యంతోనే పోతుంది కదా. ఎల్లుండి మళ్ళీ ఇదే నూనె, ఇదే చద్దన్నం. పేపరు చదివింది నిస్సీ కాదు, దయ్యమేనంటారు. ఉన్న ఒక్క గొంతునీ దానికి ధారపోసి, తను "థాంక్సండి" అనుకుంటూ మిగలాలి.

"నిస్సీనండి," అంది.

"నిన్ను కాదమ్మా. లోపలున్నదాన్ని అడుగుతున్నాను."

"లోపల ఉన్నదీ నేనేనండి అయ్యగారూ. ఇంకెవరూ లేరు." వణుకు లేదు, అరుపు లేదు, రోజూ క్లాసులో మాట్లాడే గొంతే. "మోకాళ్ళ మీద ఎలాగూ ఉన్నాను. నా ప్రార్థన నన్ను చేసుకోనివ్వండి." ఆయన కాదనేలోపే కళ్ళు మూసుకుంది. "ప్రభువా, రేపు గుంటూరు వెళ్ళి నా పేపరు నేను చదువుతాను. పెళ్ళినాడు ఈ ఇంటి పొయ్యిని నా ఒక్కదాని చేతికే అప్పగించారు. ఇన్నేళ్ళూ మోశాను. ఇవాళ్టి నుంచి దాన్ని ఈ ఇంట్లో అన్నం తినే ప్రతి ఒక్కరి చేతికీ అప్పగిస్తున్నాను."

అయ్యగారి చెయ్యి నూనె సీసా మీద ఆగిపోయింది. బొంగురు గొంతు వచ్చి ఉంటే ఏం చెయ్యాలో వాళ్ళందరికీ తెలుసు. మామూలు గొంతుకి ఎవరి దగ్గరా ప్రార్థన లేదు. ఆమెన్ పడకపోతే అది ప్రార్థన కాదు, వట్టి మాట, గాలికి పోతుంది. ప్రభావతమ్మగారు పెదవులు బిగించారు.

"ఆమెన్," అంది మెర్సీ పిన్ని గుమ్మం దగ్గర్నుంచి. ఆవిడ సొంత గొంతే.

ఆ మాట చెవిన పడగానే, కళ్ళు మూసుకున్నవాళ్ళందరి నోళ్ళూ ఉగ్గుపాలనాటి అలవాటు కొద్దీ వాటంతటవే తెరుచుకున్నాయి. గదంతా ఆమెన్ అంది. అందరితో పాటు ఆనంద్ పాల్ కూడా అనేశాడు. అన్నాక కళ్ళు తెరిచి తల్లి వంక చూశాడు. ఆవిడ ఏమంటారు? ఆమెన్ పడ్డ మాట.

నిస్సీ లేచింది. వంటింట్లోకి వెళ్ళలేదు. లాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకుని, భోజనాలకి పరిచిన చాప మీద అందరికంటే ముందు కూర్చుంది.

"ఏవండీ, పులుసు దించి పట్రండి," అంది మెత్తగా. "ఉప్పు మీరే చూడండి. నేను చూళ్ళేదు."