ఎంతమంది వస్తారు?

ప్రభావతి బాబిన్‌కు మెరూన్ దారం చుట్టి, ముక్కు మీదికి జారిన కళ్ళజోడులోంచి సూది బెజ్జం వెతుక్కుంటుంటే ఫోన్ మోగింది. సూది పోట్లకు గట్టిపడిన బొటనవేలితోనే నొక్కింది. ఆఫీసు నుంచి కూతురు శ్రీజ.

"అమ్మా, పదకొండుకి కౌన్సిల్ ఆవిడ వస్తుంది. కస్టమర్లు ఎంతమందని అడిగితే జస్ట్ ఒకరిద్దరు అను. ఓవర్ చెయ్యకు, ప్లీజ్."

"ఇల్లు నా పేరునే ఉంది కదే. నా గ్యారేజీలో నేను కుట్టుకుంటే వాళ్ళకేం?"

"ఇల్లు నీదే. షాప్‌లా వాడాలంటే పర్మిషన్ కావాలి."

అక్కడే వచ్చింది తంటా. ఇంగ్లండులోని ఆ వాట్‌ఫర్డ్‌లో వాళ్ళ వీధి కాపురాలకే. ఇంట్లో కూర్చుని కుట్టుకోవచ్చు. జనం వచ్చిపోతుంటే అది దుకాణం. పోయిన శ్రావణమాసంలో కార్లు అడ్డం పెట్టారని ఎవరో కౌన్సిల్‌కు, అంటే అక్కడి మునిసిపాలిటీకి, రాసిపడేశారు. శ్రావణం వెళ్ళాక ఆ తలుపు తట్టినవాళ్ళు లేరు. అందరూ ఇండియాలోనే కుట్టించి తెచ్చుకుంటున్నారు. ఉన్నమాట చెబితే చాలు, గ్యారేజీ దక్కుతుంది. భర్త పోయాక ప్రభావతి మళ్ళీ మనిషైంది ఆ గ్యారేజీలోనే.

ఆఫీసరు వేళకే వచ్చింది. కాళ్ళు శుభ్రంగా తుడుచుకుంది. ఇస్త్రీ బల్లా నిలువుటద్దమూ చూసి, రోజుకు ఎంతమంది వస్తారని అడిగింది.

ప్రభావతి నోరు తెరిచింది. ఎదురుగా, పొద్దున్నే బొట్టు పెట్టిన మిషను. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అనే ఇంట పుట్టిన మనిషాయె. అన్నం పెట్టిన మిషను ముందు నిలబడి ఎవరూ రావడం లేదని ఏ నోటితో అంటుంది?

"చాలామంది, మేడమ్. ఆల్ డే. గాడ్స్ గ్రేస్."

ఆవిడ పెన్ను ఆగింది. "ఆల్ డే?" అని మళ్ళీ అడిగింది, పాపం, మాట సర్దుకోమన్నట్టు.

"ఆల్ డే," అంది ప్రభావతి, కాస్త గర్వంగానే.

ఆవిడ రాసుకుని వెళ్ళిపోయింది.

నెలకు ఉత్తరం వచ్చింది. ఇకమీద గ్యారేజీకి కస్టమర్లు రాకూడదట. రానివాళ్ళను రావద్దని ఆజ్ఞ. శ్రీజకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అప్పీల్ చెయ్యొచ్చమ్మా. ఎవరూ రావట్లేదని రాసి సైన్ పెట్టు, చాలు."

ప్రభావతి కాగితం మడిచి కవరులో పెట్టేసింది.

"అది మాత్రం రాయలేనే," అంది.

మిషను ఖాళీగా పడి ఉండకూడదని ప్రభావతే అంది. శనివారం అల్లుడు శ్రీకర్ దాన్ని విప్పి, కుట్టుపని నేర్పే హాలుకు ఇచ్చిరావడానికి వ్యానెక్కించాడు. ప్రభావతి దాని చెక్కను కొంగుతో తుడిచింది. పొమ్మనలేదు. "వెళ్ళిరా అమ్మా," అంది.

ఆ సాయంత్రం నుంచి కారు గ్యారేజీలోనే ఉంటోంది. దాని హెడ్‌లైట్లకు ఎదురుగా, గోడ మేకుకు, పేరు రాసిన చీటీ గుచ్చిన మెరూన్ పట్టు జాకెట్టు ఒకటి, శ్రావణంలో ఇచ్చినవాళ్ళు తీసుకెళ్ళనిది, వేలాడుతోంది.