ఐసు మిషను పిడి

చక్రాల బండి మీద ఐసు దిమ్మల్ని పొడిచేసే మిషను ఠంగుమని ఒక్క చప్పుడు చేసి ఆగిపోయింది. చేపల రేవులో అప్పటికే నాలుగు బోట్లు పొడి ఐసు కోసం కాచుకుని ఉన్నాయి. ఓనరు త్రినాథరావు మిషను వంక చూడనైనా చూడలేదు, తిన్నగా చిట్టమ్మ మీదికొచ్చాడు.

“ఇంజినుకి ఆయిలెయ్యకుండా తోలేసినావు కదే! రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

“పొద్దున్నే కొలిసి మరీ ఏసినాను బాబూ!”

ఎనిమిదేళ్లుగా ఐసు దిమ్మల్ని మిషను నోట్లోకి నెట్టే పిడి పట్టుకుంటున్న మనిషి ఆమె. అయినా ఆమె మాటకు విలువేముంది?

మల్కాపురం నుంచి మెకానిక్ గఫూర్ వచ్చి ఇంజిను అడుగు బోల్టు విప్పాడు. ఉండాల్సిన నూనె అంతా నల్లగా డబ్బాలోకి కారింది. చిట్టమ్మకు ప్రాణం లేచొచ్చింది.

“మరెందుకిరిగింది?” అన్నాడు త్రినాథరావు.

గఫూర్ విరిగిన రాడ్డు చూపించాడు. “ఈ సిన్న ఇంజిన్లో ఆయిలు పంపుండదు సార్. రాడ్డు కింద సెంచాలాగుంది సూడండి, ఇదే తిరిగినప్పుడల్లా నూనెని కొట్టి లోపలంతా సిమ్ముతాది. బండి సమంగా ఉంటేనే సుమండీ. మీరేమో సక్రాల కింద ఇటుకలెట్టి వాల్చేసినారు. నూనంతా ఓ పక్కకెల్లిపోనాది, దీనికందలేదు.”

ఆ ఇటుకలు పెట్టించింది త్రినాథరావే. బండి వాలితే పొడి ఐసు దానంతటదే బుట్టల్లోకి జారుతుందని, పారతో ఎత్తే ముసలమ్మను మాన్పించి రోజుకు నాలుగొందలు మిగుల్చుకున్నాడు. ఆ తెలివికి తనే మురిసిపోయాడు కూడా. అలాంటివాడు తప్పు ఒప్పుకుంటాడా?

“సరే, ఇటుకలు తీసెయ్. పాత రాడ్డేదో బిగించు, బేగి.”

“బ్యాలెన్సు షాఫ్టు పళ్లు కూడా పోనాయి సార్. పిస్టన్ అదురుని అణిసే బరువిది. కొత్తది రేపొస్తాది.”

“అది లేకపోతే ఇంజిను తిరగదేటి?”

“తిరుగుతాది. అదురంతా పిడి పట్టుకున్నోళ్ల సేతుల్లోకెల్తాది.”

“సేతులు దానియి, నీకేటి? తీసి పారెయ్.”

రేవులో గఫూర్‌కు రిపేరుకొచ్చే మరో ఎనిమిది ఇంజిన్లు ఈయనవే. అతను చిట్టమ్మ ముఖం చూడలేక తలవంచుకుని పని కానిచ్చాడు.

చిట్టమ్మకు ఒళ్లు మండింది. షాఫ్టు బాగున్న రోజుల్లోనే ఇంటికెళ్లేసరికి వేళ్లు తిమ్మిరెక్కి అన్నం ముద్ద జారిపోయేది. అదీ లేకుండా తిప్పితే ఇక ఆ చేతులు దేనికి పనికొస్తాయి?

“ఏటలా సూత్తన్నావు? తాడు లాగు.”

“నానొల్ల.”

“ఏటీ?”

“ఆ బరువేసిందాకా నాను పిడి ముట్టను. మాన్పిత్తే మాన్పించండి.”

బోట్లలోంచి కేకలు ఎక్కువయ్యాయి. త్రినాథరావు పళ్లు కొరుకుతూ తనే తాడు లాగాడు. ఇంజిను అందుకుంది, బండంతా ఎగిరెగిరి పడుతోంది. దిమ్మను నెట్టడానికి పిడి పట్టుకున్నాడు. పది లెక్కపెట్టేలోపే వదిలేసి, అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

ఐసు దిమ్మ మిషను నోట్లో సగందాకా వెళ్లి ఆగింది. చిట్టమ్మ కదల్లేదు.