పిడికిట్లో మూడెకరాలు

...అయినా ఆ అంకె గోడ మీద రాసింది తన చెయ్యే కదా. ఫిల్టరు నడిపే రఘుపతి నోటితో చెప్పాడు, అంతే. గోడకెక్కించింది ఖాసిం కుంచె. నెలనెలా మొదటి శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యాక ఇంటికి పోకుండా తిన్నగా ఫిల్టరు షెడ్డుకు వచ్చి, పాత అంకె మీద తెల్లరంగు కొట్టి, అది ఆరేదాకా గట్టు మీద కూర్చుని, ఆ పైన నీలంతో కొత్త అంకె రాసేవాడు. ఫ్లోరైడ్ 0.8. ఒకసారి 0.7. మళ్లీ 0.8. ఎనిమిది నడుమును సన్నగా తిప్పడమంటే అతనికి ఇష్టం. సైన్‌బోర్డులు రాసేవాడికి అంకెల్లో అదే అందమైనది. అంత అబద్ధాన్ని అంత ముద్దుగా రాసినవాడు ఈ చుట్టుపక్కల మరొకడు ఉండడేమో.

సైకిలు హ్యాండిలుకు వేలాడుతున్న రంగు డబ్బాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. రఘుపతి ఇల్లు ఊరి చివర. ఎండ మాడ్చేస్తోంది. నాలుగింటికి షెడ్డు నల్లా తిప్పుతారు. ఊరు ఊరంతా బిందెలతో వస్తుంది. తన భార్య రబియా వస్తుంది, చంకలో కూతురు జేబాను వేసుకుని. ఇంకా గంటన్నర ఉంది.

పొద్దున అక్షిత రాకపోయి ఉంటే బాగుండేదా? ఆ మాట మనసులోకి వచ్చినందుకు ఖాసింకు తన మీద తనకే రోత పుట్టింది. పక్క గల్లీ పిల్ల. నల్లగొండలో డిగ్రీ చదువుతోంది. కాలేజీ వాళ్లు ఏదో ప్రాజెక్టు ఇస్తే ఊరి నీళ్లే పరీక్షిస్తానని చిన్న పెట్టె పట్టుకొచ్చింది. ఒక గాజు గొట్టంలో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఫిల్టరు నల్లా నీళ్లు పోసింది. రెండింట్లో నాలుగేసి చుక్కల మందు వేసింది. నీళ్లు మంచివైతే గులాబీ రంగు నిలబడుతుందనీ, ఫ్లోరైడ్ ఉంటే పసుపుకు తిరుగుతుందనీ చెప్పింది. రెండూ పసుపుకే తిరిగాయి. రంగుల్లో పుట్టి పెరిగిన తన కంటికి ఆ రెండు పసుపుల మధ్య వెంట్రుకంత తేడా కూడా దొరకలేదు. మందు చెడిపోయిందేమోనని పిల్ల మళ్లీ చేసింది. మూడోసారి నల్లగొండలో కొని తెచ్చుకున్న సీసా నీళ్లతో చేస్తే గులాబీ నిలబడింది. మందు మంచిదే.

"నాలుగు దాటింది కాకా. ఒకటిన్నర దాటితెనే తాగొద్దంటరు," అంది అక్షిత. "ఫిల్టరు ఉన్నట్టే గని పని చేస్తలేదు. ఫ్లోరైడ్‌ను పట్టే గింజలు నిండిపోయినయ్. ఎవ్వరు కడుగుతలేరా?"

"ఎందుకు కడగడు? రఘుపతి నెల నెల కడిగి డాబ మీద ఆరబోస్తడు. నా కండ్లతోటి చూసిన."

"ఉత్త నీళ్లతోటి కడిగితె పోదు కాకా. అది మురికి కాదు. గింజను పట్టుకోని ఉంటది. కారపు మందుల, అదే కాస్టిక్ సోడల, నానబెడ్తెనే ఇడుస్తది."

ఆ సంగతి ఈ పిల్ల చెప్పాలా తనకు? రఘుపతే చెప్పాడు, నాలుగేళ్ల కింద, షెడ్డు కట్టిన కొత్తలో. షాద్‌నగర్‌లో మందుల ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు పని చేసి వచ్చినవాడు. మాత్రల సీసాల్లో పడేసే చిన్న పొట్లాలుంటాయే, తేమను లాగేవి, అవి నింపే దగ్గర పని. ఊళ్లో ఫిల్టరు పెడతామంటే దాని పని తెలిసినవాడు అతనొక్కడే. జొన్నగింజలంత తెల్లటి గుండ్లు పిడికెడు తీసి ఖాసిం అరచేతిలో పోశాడు.

"గీ పిడికిట్ల ఎంత భూమి ఉన్నదో చెప్పురా."

"నీ తలకాయంత."

"మూడెకరాల చెలక ఉన్నది రా. నవ్వకు. ఒక్కో గింజ లోపల కంటికి కనవడని సొరంగాలు. ఆ గోడలన్ని పరిస్తె మూడెకరాలు. నీళ్లు గండ్లకెల్లి పోతాంటె ఫ్లోరైడ్ ఆ గోడలకు అతుక్కుంటది. స్పంజి నీళ్లు పీల్చినట్టు గాదు, లోపలికి మింగదు. మీదనే పట్టుకుంటది. దాన్ని అధిశోషణం అంటరు."

ఖాసిం నమ్మలేదని ఒక ఆట కూడా చూపించాడు. సీసా మూతికి బట్ట కట్టి, బొగ్గును మెత్తగా దంచి నింపి, సిరా కలిపిన నీళ్లు పోశాడు. కింద తేట నీళ్లు కారాయి. విషం తాగినోళ్లకు దవాఖానలో తాగించేది కూడా ఇట్లాంటి బొగ్గేనని చెప్పాడు. ఖాసిం మురిసిపోయి మళ్లీ పోశాడు, మళ్లీ పోశాడు. పదోసారికో పన్నెండోసారికో అడుగున నీలం తొంగిచూసింది. "జాగా అయిపోయింది," అన్నాడు రఘుపతి. "బస్సు నిండినంక కండక్టరు ఎంత అరిస్తె ఏం లాభం? ఎక్కినోళ్లు దిగాలె. గింజలకైతె మనం దించొచ్చు, మందు వేసి. గదే నా పని."

ఆ మాటల మీదే ఖాసిం ఊరంతా తిరిగాడు. ఫిల్టరు నీళ్లంటే ముసలోళ్లు ముఖం చిట్లించారు. ప్రతి గడపకూ పోయి, తన తల్లిని గుర్తు చేశాడు. ఆఖరి ఏళ్లలో అమ్మీకి మెడ తిరిగేది కాదు. ఎవరైనా పిలిస్తే తలుపు తిరిగినట్టు మనిషి మొత్తం తిరిగేది. "మా అమ్మీ తాగిన నీళ్లు మీ పిల్లలకు తాగిస్తరా?" అని అడిగాడు. ఊరు నమ్మింది రఘుపతిని కాదు, ఖాసింను. ఖాసిం రఘుపతిని నమ్మాడు.

రఘుపతి డాబా మీదే ఉన్నాడు. జనపసంచి పరిచి గింజలు ఆరబోసి, వేళ్లతో కెలుకుతున్నాడు. అప్పడాలు ఆరబెట్టిన ఇల్లాలిలా అంత శ్రద్ధగా. ఖాసిం మెట్లెక్కి వచ్చి నిలబడ్డాడు. 

"ఏమ్రా, శుక్రవారం గాకముందే వచ్చినవ్? రంగు ఎక్కువైందా?"

"కారపు మందు ఏసినవా గీటికి?"

కెలుకుతున్న వేళ్లు ఆగాయి. రఘుపతి తల ఎత్తలేదు. "ఎవలన్నరు?"

"గింజలే అన్నయ్. రెండు నీళ్లకు ఒక్కటే రంగు వచ్చింది."

రఘుపతి చేతికంటిన గింజలు దులుపుకున్నాడు. తర్వాత కుడిచెయ్యి వెల్లకిలా తిప్పి చూపించాడు. మణికట్టు నుంచి బొటనవేలి దాకా చర్మం గులాబీ రంగులో, నూనె రాసినట్టు మెరుస్తోంది. "మొదలు ఆ మందు చేతి మీద సబ్బు లెక్క జారింది రా. ఏం గాలె అనుకున్న. అటెన్క బొక్క దాక కాలింది. నెల రోజులు అన్నం ఎడమ చేత్తోటి తిన్న. మళ్ల ఆ డబ్బ మూత తియ్యబోతె చెయ్యి వణికింది. తియ్యలేకపోయిన."

"మరి నాకు చెప్పకపోతివి?"

"షాద్‌నగర్ల పన్నెండేండ్లు చేసినోన్ని. డబ్బ మూత తియ్య భయమైతాందని ఊళ్ల ఎట్ల చెప్పుకుందు? బియ్యం కడిగినట్టు ఏడు నీళ్లు పోసి కడిగిన రా. నీళ్లు తేటగ వచ్చేదాక కడిగిన. పోతదేమో అనుకున్న."

ఖాసిం ఆ మచ్చను చూస్తూ ఉండిపోయాడు. అంతకు ముందు చూడనిది కాదు. ఆ చేతికి కట్టు ఉన్నప్పుడు అడిగాడు, బండి సైలెన్సర్‌కు తగిలిందంటే సరేనన్నాడు. అప్పటి నుంచి షెడ్డులో మందు ఘాటు రాకపోవడమూ తెలుసు. పోనీలే, ముక్కు మండటం లేదు అనుకుని హాయిగా అంకెలు రాసుకున్నాడు. చూసినవన్నీ మనసు మీద ఎక్కడో అంటుకునే ఉన్నాయి. ఒక్కదాన్నీ లోపలికి రానివ్వలేదు తను. మరి తప్పు ఎవరిది? భయపడ్డ మనిషిని ఎంతసేపు తిట్టగలం? వణికిన చెయ్యి తనదైతే తను మాత్రం చెప్పుకునేవాడా? కోపం కాస్త పక్కకు జరిగింది. ఇద్దరూ కలిసి పోయి అక్షితను పిలుచుకొచ్చి, చేతికి తొడుగులేసుకుని, రేపే గింజలు మందులో నానబెడితే...

"ఎండలవడి వచ్చినవ్ అన్నా, తాగు," అంటూ రఘుపతి భార్య కరుణ చెంబుతో మెట్లెక్కి వచ్చింది. ఈ ఊళ్లో గడప తొక్కిన మనిషికి ముందు నీళ్లివ్వడం, తర్వాతే మాట. ఖాసిం చెంబెత్తి గటగటా తాగాడు.

సగంలో ఆగాడు.

నాలుక మీద ఏమీ లేదు. ఈ ఊరి నీళ్లకు ఒక బరువుంటుంది, చివర్న కాస్త ఉప్పగా తగిలే జిగట ఉంటుంది. ఫిల్టరులోంచి వచ్చినా అది పోదు, గింజలు ఉప్పును పట్టవు. పుట్టిన దగ్గర్నుంచీ తాగిన రుచి అది. ఈ నీళ్లు మాత్రం పెళ్లిళ్లలో ఇచ్చే గ్లాసుల్లోని నీళ్లలా చప్పగా, తేలిగ్గా ఉన్నాయి.

"చల్లగున్నయ్ కరుణమ్మా. యాడివి?"

"క్యాను నీళ్లు అన్నా. తిరుమలగిరి కెల్లి బండి వస్తది గద, పొద్దుగాల ఊరవతల దించి పోతడు."

"ఎన్నొద్దుల సంది?"

"ఏడాదిన్నర అయితాంది. ఈయన చెయ్యి కాలినంకనే. పిల్లలకు ఊరి నీళ్లు కడుపుల పడ్తలేవని ఈయననే మాట్లాడి పెట్టిండు."

రఘుపతి "కరుణా, నువ్వు కిందికి పో," అన్నాడు. ఆమె ఇద్దరి ముఖాలూ చూసి, ఏమీ అర్థంకాక దిగిపోయింది.

ఏడు నీళ్లు పోసి కడిగాడు. పోతుందేమో అనుకున్నాడు. అనుకున్నవాడు క్యాను ఎందుకు తెప్పించుకున్నాడు? ఏడాదిన్నర కింద జేబా పాలు మానింది. అప్పటి నుంచి తాగిన ప్రతి గుక్కా ఆ నల్లాదే. ఇప్పుడు దానికి మూడేళ్లు. "పాలపండ్లు ఊడినంక వచ్చే పండ్లు గీ వయసులనే చిగుళ్ల లోపల తయారైతయి కాకా," అంది అక్షిత పొద్దున. బయటికొచ్చేదాకా ఎట్లా వస్తాయో ఎవరికీ తెలియదు.

"జేబా నీ ఒళ్లె కూసోని తాగింది రా, షెడ్డు కాడ," అన్నాడు ఖాసిం.  "నీ గిలాసతోటి తాపినవ్."

రఘుపతి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఒక్క ఏడాది ఆగురా. పైపులు తవ్వుతనే ఉన్నరు. తెలంగాణ వచ్చినంక ఇంటింటికి కృష్ణ నీళ్లంటున్నరు. అప్పుడు గీ షెడ్డు ఎవలిక్కావాలె? సప్పుడు చేయకురా. నన్నే గాదు, నిన్ను గూడ తిడ్తరు. రాసింది నువ్వే గద."

ఖాసిం చెంబును డాబా పిట్టగోడ మీద పెట్టాడు. సగం నీళ్లు అందులోనే ఉన్నాయి. మెట్లు దిగాడు.

దారిలో ఆ చివరి మాటే వెంట వచ్చింది. నిజమే, తిడతారు. గడప గడపకూ తిరిగినవాడు తను. రఘుపతి భయం అబద్ధం కాదు, మచ్చ అబద్ధం కాదు, కన్నీళ్లు కూడా అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ మూడింటి కిందా ఒక క్యాను ఉంది. మిగతావన్నీ క్షమించగలడేమో, ఆ చప్పటి రుచిని మాత్రం నాలుక వదలడం లేదు.

షెడ్డు దగ్గరకు వచ్చేసరికి బిందెలు వరుస కట్టాయి. గోడ మీద తన 0.8 ఎండలో మెరుస్తోంది. దాన్ని చెరిపి అసలు అంకె రాద్దామని కుంచె తీశాడు. వరుసలో ముందున్న నర్సింగమ్మను చూసి ఆగాడు. ఆమెకు చదువు రాదు. ఈ వరుసలో సగం మందికి రాదు. నాలుగేళ్లుగా వీళ్లెవరూ ఆ అంకెను చదవలేదు, తన ముఖాన్నే చదివారు.

చదువు రానివాళ్లకు కూడా తెలిసిన రాత ఒకటుంది. పదేళ్ల కింద మండలం వాళ్లు చెప్తే ఊళ్లో బోరింగులన్నిటికీ ఎర్రరంగు పూసింది తనే. ఎరుపంటే తాగొద్దు, బట్టలకూ బర్రెలకూ మాత్రమే. అమ్మీకి కూడా తెలుసు, పూసేనాటికే ఆలస్యమైంది గానీ. షెడ్డు నల్లాకు, తాగొచ్చని, నీలం పూసిన రోజు ఆమె ఉంటే బాగుండునని ఏడ్చాడు కూడా.

నర్సింగమ్మ నల్లా కింద బిందె పెట్టింది. ఖాసిం వంగి ఆ బిందెను పక్కకు జరిపాడు. ఎర్రరంగు డబ్బా మూత తీశాడు.

"ఏం ఖాసిం, నల్లకు లగ్గమా ఏంది, ఎర్రగ ముస్తాబు చేస్తున్నవ్?" అంది నర్సింగమ్మ. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

అతను కుంచె ముంచి నల్లా మెడ మీద మొదటి గీత పెట్టాడు. నవ్వు ఆగిపోయింది.

"జేబా అబ్బా, ఇదేంది?" రబియా వరుస దాటుకుని వచ్చింది. చంకలోంచి జేబా రంగు వైపు చెయ్యి చాపింది.

ఖాసిం కుంచెను మళ్లీ ముంచి, నీలం ఎక్కడా కనిపించకుండా, నల్లా మూతి దాకా పూశాడు.